కడుపుతో ఉన్న పురుగు

మా అత్తయ్య బతికున్నన్నాళ్ళూ నాకూ ఆవిడకీ పడని విషయాలు రెండే. ఒకటి చారులో బెల్లం, రెండోది నా కూతురు. చారుదేముంది, ఆవిడ గిన్నెలో ఆవిడ బెల్లం వేసుకునేది, నా గిన్నెలో నేను మానేసేదాన్ని. కూతురి దగ్గర మాత్రం ఆరేళ్ళపాటు రోజూ యుద్ధమే. ఆ యుద్ధానికి మూలం నేనేననీ, సమయానికి నోరు విప్పి ఒక్క మాట చెప్పి ఉంటే అది వచ్చేదే కాదనీ నాకు తెలిసేసరికి పిల్ల ఒకటో తరగతికి వచ్చింది. అంతా ఒక పురుగు వీపు మీద మొదలైంది.

నేను బి.ఎస్సీ. చదివాను, జంతుశాస్త్రం. బొద్దింక నోటి భాగాలు కళ్ళు మూసుకుని గీయగలను. వంటింట్లో అదే బొద్దింక కనిపిస్తే మాత్రం పీట ఎక్కి కేకలు పెడతాను. డెబ్భైల మధ్యలో పెళ్ళై నర్సీపట్నం వచ్చాను. మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. మావయ్యగారు నా పెళ్ళికి ముందే పోయారు. బలిఘట్టం వెళ్ళే దారిలో రెండెకరాల మెట్ట చేను ఉండేది, అది పూర్తిగా అత్తయ్యదే. ఆ చేను ఒకప్పుడు రాళ్ళ గుట్ట. మావయ్యగారు ఏళ్ళ తరబడి రాయి రాయి ఏరి, ఆ రాళ్ళతోనే గట్టు కట్టారు. గట్టు మీద నడిచినప్పుడల్లా అత్తయ్య ఒక రాయిని కాలితో సర్దేది. ఏ రాయీ కదిలి ఉండేది కాదు, అయినా సర్దేది.

వాళ్ళది మూడు తరాలుగా మిషన్ చర్చి కుటుంబం. ఆదివారం తెల్లచీర, చేతిలో నల్లట్ట బైబిలు. సోమవారం పొద్దు పొడిచేసరికి కుచ్చెళ్ళు ఎగదోపి చేలో ఉండేది. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం ఊరవతలికి వినిపించేది.

నాకు మొదటి కడుపు మూడో నెలలో పోయింది, రెండోది నాలుగో నెలలో. రెండోసారి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున అత్తయ్య నాకు వేణ్ణీళ్ళు పోసి, తల తుడిచి, అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఇరుగమ్మ పొరుగమ్మ ఎవరో గుమ్మంలోకొచ్చి, "కోడలికి ఏటి లోపమో సూపించండి" అంటే, "లోపం నీ నోటికి ఉన్నాది, ముందు అది సూపించుకో" అని తలుపు వేసేసింది. ఆ ఒక్క మాటకి నేను ఆవిడకి జన్మంతా చాకిరీ చేసినా తీరదు అనుకున్నాను. చారులో బెల్లం వేస్తే మాత్రం ఊరుకోలేదు, అది వేరే సంగతి.

మూడోసారి నెల తప్పినప్పుడు అత్తయ్య ఇంట్లో ఒక శాసనం చేసింది. బిడ్డ చేతికొచ్చేదాకా ఈ ఇంట్లో ఏ ప్రాణినీ చంపకూడదు. చీమల బారు వస్తే చీపురు పక్కన పెట్టి, అవి వెళ్ళేదాకా ఆగాలి. బల్లి పడితే చాటతో ఎత్తి పెరట్లో వదలాలి. నల్లుల మంచం ఎండలో పెట్టుకోవచ్చు గాని వేణ్ణీళ్ళు పోయకూడదు. మావారికి ఆదివారం కోడికూర లేనిదే ముద్ద దిగదు. "నేను కోయను కదమ్మా, కొట్లో కోయించి తెస్తాను" అన్నారు. "కోయించిందెవుడు? నువ్వే గదా" అంది ఆవిడ. ఎండుచేపలకి మాత్రం అడ్డు చెప్పలేదు. "అవి ముందే సచ్చినాయి" అంది. అలా నెలల తరబడి మా ఇంట్లో ఎండుచేపల పులుసే. వేవిళ్ళ రోజుల్లో ఆ వాసన నాకెలా ఉండేదో చెప్పక్కర్లేదు.

ప్రార్థన పెట్టడానికి వచ్చిన పాస్టరుగారు ఇది విని, "ఇవన్నీ పాతకాలపు మూఢ నమ్మకాలమ్మా, మనం నమ్మకూడదు" అని మెత్తగా చెప్పారు. అత్తయ్య ఆయనకి కాఫీ గ్లాసు అందిస్తూ, "అయ్యగారూ, మీరు ప్రార్థన సేయండి, నాను సీమల్ని తొక్కకుండా నడుస్తాను. రెండూ ఉంటే నష్టవేటండి?" అంది. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయారు.

నేను నవ్వేదాన్ని. చదువుకున్నదాన్ని కదా, నవ్వకపోతే ఎలా? కానీ ఎవరూ చూడనప్పుడు నేను కూడా చీమలు పోయేదాకా చీపురు పట్టుకుని నిలబడేదాన్ని. రెండుసార్లు చేతికి అందినట్టే అంది పోయిన మనిషికి ఏది మూఢమో ఏది కాదో తేల్చుకునే ధైర్యం ఉండదు.

ఆ ఏడు తొలకరికి చేలో నువ్వు వేశారు. మోకాలెత్తు ఎదిగి పూత పట్టే వేళకి కొమ్ము పురుగు దిగింది. చూడనివాళ్ళకి చెప్పాలి. బొటనవేలంత లావు, ఆకుపచ్చ రంగు, పక్కల ఏటవాలు చారలు, తోక చివర వంకర కొమ్ము. మొక్కకి ఒక్కటి పట్టినా రెండు రోజుల్లో ఆకు మిగలదు. రంగు ఆకులో కలిసిపోయి కళ్ళెదుట ఉన్నా కనపడదు. అందుకని అత్తయ్య మొక్క వైపు చూసేదే కాదు, నేల చూసేది. నేల మీద మిరియాల్లాంటి పెంటికలు కనిపిస్తే, అక్కడ ఆగి, సరిగ్గా దాని పైనున్న కొమ్మలోకి చెయ్యి పెట్టేది. చెయ్యి బయటికి వచ్చేసరికి వేళ్ళ మధ్య పురుగు. దాన్ని కిరసనాయిలు కలిపిన నీళ్ళ డబ్బాలో వేసేది.

మరి శాసనం సంగతేమిటి? అదే నేను అడిగాను. ఆవిడ అన్నీ ఆలోచించుకునే ఉంది. "పంట తినీది దొంగ. దొంగని పట్టుకోడం పాపం కాదు. కాపోతే నా కొడుకు ముట్టుకోకూడదు, నువ్వు సూడకూడదు" అంది. ఇంట్లో నన్ను ఒక్కదాన్ని వదలడం ఇష్టంలేక నన్నూ చేనికి తీసుకెళ్ళి, గట్టు మీద తాటిచెట్టు నీడలో, చేనికి వీపు పెట్టి కూర్చోబెట్టేది. అయిదో నెల నాకు. ఆవిడా, కూలికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళూ పురుగులు ఏరుతుంటే, నేను రోడ్డు మీద యలమంచిలి బస్సులు లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని.

ఒకరోజు వెనక నుంచి "ఓలమ్మో!" అని కేక వినిపించింది. పామేమో అనుకుని లేచాను. అత్తయ్య ఒక కొమ్మ వంచి పట్టుకుని, చెయ్యి పెట్టకుండా చూస్తూ నిలబడి ఉంది. కొమ్మకి పెద్ద కొమ్ము పురుగు. దాని వీపంతా తెల్లటి నూకలు నిలబెట్టి అతికించినట్టు ఉన్నాయి, ముప్పయ్యో నలభయ్యో.

"గుడ్లు మోస్తంది. కడుపుతో ఉన్నాది" అంది ఆవిడ, గుసగుసగా. ఆ గొంతులో గుసగుస అంతకుముందు నేను వినలేదు.

నాకు నవ్వాగలేదు. "అత్తయ్యా, పురుగు గుడ్లు పెట్టదండి. ఇది ఇంకా చంటిపిల్ల కింద లెక్క. ఇది పెద్దదై, రెక్కలొచ్చి ఎగిరాక, అప్పుడు గుడ్లు పెడుతుంది. చంటిదానికి కడుపేమిటండీ, విడ్డూరం కాకపోతే!"

"మరి ఇవేటి?" అంది.

నాకు తెలీదు. డిగ్రీ పట్టా బీరువాలో ఉంది, నోట్లో మాట లేదు.

ఆవిడ కొమ్మని మెల్లగా వదిలేసింది. వదిలేసి, వెంటనే తిరగలేదు. కాసేపు అక్కడే నిలబడి కళ్ళు మూసుకుంది, పెదవులు కదిలాయి. తర్వాత కూలీలని పిలిచి, "వీపు మీద గుడ్లున్నదాన్ని ముట్టుకోకండి. ఒగ్గీండి" అంది. మా వైపు వదిలేయమనడానికి ఒగ్గీ అంటారు.

ఆ ఇద్దరిలో పెద్దావిడకి నమ్మకం కలగలేదు. "అదేటమ్మా, ఇదొక్కటే వందవుతాది. సేను మిగల్దు" అంది.

"మిగలకపోతే పోతాది. ఒగ్గీండి" అంది అత్తయ్య.

ఎంత మొండిమనిషి అనుకున్నాను నేను. అంతకంటే ఎక్కువ ఏమీ అనుకోలేదు.

మర్నాడు చేనికి వెళ్ళగానే ఆవిడ ముందు ఆ పురుగునే వెతుక్కుంది. అది ఉన్నచోటే ఉంది, చుట్టూ ఆకులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. "సూసావా, తిండి మానీసింది. నీలాగే వేవిళ్ళు" అంది. కూలి ఆడవాళ్ళు చీర చెంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. పురుగుతో పోలికా నాకు? ఎలాగైనా ఆవిడ మాట తప్పని తేల్చాలని, ఆవిడ అటు తిరిగినప్పుడు అలాంటి పురుగునొకదాన్ని కొమ్మతో సహా విరిచి కొంగులో దాచాను. ఒళ్ళు జలదరిస్తూనే ఉంది, పౌరుషం మాత్రం తగ్గలేదు. ఇంటికొచ్చి ఖాళీ ఆవకాయ సీసా కడిగి, అందులో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, ట్రంకుపెట్టె వెనక పెట్టాను.

ఈలోగా చేలో గుడ్ల పురుగులు రోజురోజుకీ ఎక్కువయ్యాయి. అన్నింటినీ వదిలేస్తూ పోతోంది అత్తయ్య. మావారికి నిద్రపట్టడం మానేసింది. ఇంటికి ఏడాదికి సరిపడా నూనె ఆ చేను నుంచే రావాలి, పైగా అది నాన్న చేతులతో బాగు చేసిన నేల. ఒకరోజు ఆయన స్కూలు నుంచి వస్తూ సంచెడు పొడిమందు తెచ్చి అటక మీద పెట్టారు. "ఆదివారం చర్చి అయ్యాక మనిషిని పెట్టి చల్లించేస్తాను. అమ్మకి చెప్పకు" అన్నారు. అలాగేనన్నాను.

శనివారం మధ్యాహ్నం ట్రంకు వెనక సీసా గుర్తొచ్చి తీశాను. ఆ తెల్లటి నూకలన్నిటికీ ఒక్కో చివర చిన్న మూత తెరిచి ఉంది, కత్తితో గుండ్రంగా కోసినట్టు. లోపల ఖాళీ. సీసా గోడల మీద నలకల్లాంటి నల్లటివి, రెక్కలు మొలిచిన చీమల్లా గిరగిరా తిరుగుతున్నాయి. అడుగున పురుగు ముడుచుకుపోయి ఉంది, గుజ్జు తీసేసిన చింతకాయ తొక్కలాగా.

మావారి బల్ల మీద స్కూలు భూతద్దం ఉంటే తెచ్చి చూశాను. కందిరీగ రూపమే, అణువంత. కొన్నింటి తోక చివర సన్నటి సూది. నా డిగ్రీ పుస్తకం తీసి కీటకాల పాఠం వెతికాను. ఉంది. అర పేరా ఉంది. దాని పక్కన నా దస్తూరీతోనే "పరీక్షకి రాదు" అని రాసి, పెన్సిలుతో అడ్డంగా కొట్టేసి ఉంది.

ఆ కొట్టేసిన పేరా చెప్పిందిది. ఈ చిన్న కందిరీగ తల్లి పంట తినే పురుగుని వెతికి పట్టుకుంటుంది. తోక సూదితో దాని ఒంట్లోకి గుడ్లు దింపి పోతుంది. ఆ పిల్లలు లోపలే పెరుగుతాయి. పురుగు నెత్తురూ కొవ్వూ తాగుతాయి గాని, ప్రాణం ఉన్న చోటు జోలికి పోవు. పురుగు బతికుండి మేస్తేనే కదా వాటికి తిండి. ఎదిగాక దాని చర్మం చీల్చుకుని బయటికొచ్చి, దాని వీపు మీదే పట్టుగూళ్ళు కట్టుకుంటాయి. మనం గుడ్లనుకున్నవి ఆ గూళ్ళు. ఇక ఆ పురుగు మేత ముట్టదు, కొన్నాళ్ళు అలా ఉండి పోతుంది. గూళ్ళలోంచి వచ్చినవి చేను మీద పడి మళ్ళీ పురుగుల్ని వెతుక్కుంటాయి. అంటే మా అత్తయ్య చేను పాడవుతుందని తెలిసే వదిలేసిన ఒక్కో పురుగూ చేనుకి కాపలాదార్లని కని ఇస్తోంది.

సంతోషించాల్సిన విషయమే. నేను సంతోషించలేదు. కడుపులో మెల్లగా ఒక ప్రాణం, లోపలి నుంచి తింటూ, అనే మాటలే కళ్ళ ముందు తిరిగాయి. సరిగ్గా అప్పుడే నా కడుపులో బిడ్డ కదిలింది. మొదటిసారి. ఎవరైనా ఆ క్షణం గురించి ముద్దుగా చెప్పుకుంటారు. నేను కెవ్వున అరిచాను. సిగ్గుగా ఉన్నా ఉన్నమాట చెబుతున్నాను, భయంతోనే అరిచాను.

పెరట్లోంచి అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. "ఏటైందే? ఏటైందమ్మా?" ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను సీసా చీర కింద దాచేసి, "కదిలింది అత్తయ్యా" అన్నాను.

ఆవిడ నేల మీద కూలబడిపోయింది. నా కడుపు మీద అరచెయ్యి పెట్టింది. మళ్ళీ కదిలేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. కదిలాక ఏడుస్తూ నవ్వుతూ, "సూసావా, వాటిని సంపనేదు గదా. అందుకే ఇది బతికున్నాది" అంది.

ఇప్పుడు చెప్పండి, ఆ మనిషికి నేనేం చెప్పాలి? నువ్వు దండం పెట్టి వదిలేసింది కడుపుతో ఉన్న తల్లి కాదు, లోపలి నుంచి తినేయబడ్డ పురుగు అనా? నా కడుపూ దాని కడుపూ ఒకటే అని నమ్ముకున్న మనిషికా? నోరు మూసుకున్నాను. బిడ్డ పుట్టాక చెబుదాంలే అనుకున్నాను.

మావారికి మాత్రం సాయంత్రం రాగానే సీసా చూపించాను. ఆ పొడిమందు చల్లితే బొటనవేలంత పురుగు తట్టుకున్నా తట్టుకోవచ్చు గాని, ఈ నలకలు ఒక్క పూట బతకవని చెప్పాను. ఆయన లెక్కల మనిషి, ఒక్క పురుగు మీద ఎన్ని గూళ్ళున్నాయో భూతద్దంతో రెండుసార్లు లెక్కపెట్టారు. పెట్టి, సంచి అటక మీంచి దించి తిరిగి ఇచ్చేయడానికి బయల్దేరారు. గుమ్మంలో అత్తయ్య ఎదురైంది. సంచి మీది బొమ్మ చూసి ఆవిడకి అర్థమైపోయింది.

"సేలో సల్లడానికేనా?" అంది.

ఆయన నీళ్ళు నమిలారు. నేను మధ్యలోకి వెళ్ళి గట్టిగా, "చల్లనివ్వనండి. కడుపుతో ఉన్నవాటిని చంపుతారా ఎవరైనా?" అన్నాను. ఆయన నా వైపు తెల్లబోయి చూశారు. అత్తయ్య కళ్ళు నిండిపోయాయి. నా మొహం పుణికి, తన కణతల దగ్గర మెటికలు విరిచి, "నా తల్లే" అంది. అంత సుఖంగా నేను ఎప్పుడూ అబద్ధం ఆడలేదు.

రెండు వారాలు తిరిగేసరికి చేలో కొమ్ము పురుగు వెతికినా దొరకలేదు. నేల మీద పెంటికలు లేవు. నువ్వు కొమ్మ కొమ్మకీ కాసింది. కోసి, కట్టలు నిలబెట్టి, ఎండాక తిరగేసి దులిపితే నువ్వులు జలజలా రాలాయి. "మీ అమ్మగారి పుణ్యం" అని కూలి ఆడవాళ్ళే అన్నారు. ఆ రాశి పక్కన నిలబడ్డ అత్తయ్య మొహంలో మాత్రం సంతోషం లేదు. "ఏమిటండీ అలా ఉన్నారు? పంట బాగా వచ్చింది కదా" అంటే, "అదే. ఎందుకొచ్చిందో" అంది. నాకు మళ్ళీ నవ్వొచ్చింది. రాకపోతే ఏడవాలి గాని, వచ్చినందుకు ఈ దిగులేమిటి?

పురిటికి నన్ను పుట్టింటికి పంపలేదు. యలమంచిలి దాకా బస్సు కుదుపులు, ఆపైన రైలు, ఒద్దంటే ఒద్దంది. మా అమ్మే నర్సీపట్నం వచ్చింది. క్రిస్మస్ ముందు ఆడపిల్ల పుట్టింది. శాసనం ఎత్తేశారు, మావారు కోడికూర తిన్నారు. బిడ్డ పుట్టాక చెబుదామనుకున్న మాట బిడ్డ పనుల్లో పడి మర్చిపోయాను. మర్చిపోయాను అనడం కూడా పూర్తి నిజం కాదు. చెప్పడానికి బద్ధకించాను. ఇప్పుడు చెబితే ఏమొస్తుందిలే అనుకున్నాను.

యుద్ధం అప్పటినుంచే. అత్తయ్య పిల్లని నేల మీద వదిలేది కాదు. నడక వచ్చాక గౌను అంచు పట్టుకుని వెనకే తిరిగేది. నూతి దగ్గరికి వెళ్ళకూడదు, ఉయ్యాల ఎక్కకూడదు, జామచెట్టు వైపు చూడకూడదు. పిల్లకి జలుబు చేస్తే ఈవిడ అన్నం మానేసేది. బడిలో వేశాక ఇంకా అన్యాయం. పొద్దున్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, సాయంత్రం గంట కొట్టేదాకా బడి ఎదుట కిళ్ళీ కొట్టు అరుగు మీద కూర్చునేది. చేను చూసుకోవడమే మానేసింది. తోటి పిల్లలు "నాన్నమ్మ కూచి" అని ఏడిపిస్తుంటే నా కూతురు ఏడుస్తూ ఇంటికొచ్చేది. "పిల్లని బతకనివ్వరా మీరు? ఇది గాజు బొమ్మా?" అని నేను అరిచేదాన్ని. నా నోరు మంచిది కాదు, ఇంకా చాలా అనేదాన్ని. ఊరవతలికి వినిపించే గొంతున్న మనిషి, ఈ ఒక్క విషయంలో తిరిగి ఒక్క మాట అనేది కాదు. "నీకు తెల్దమ్మా. ఇంకా అయిపోనేదు" అనేది. ఏమిటి అయిపోలేదని నేను ఒక్కసారీ అడగలేదు.

ఎనభైల మధ్యలో, పిల్ల ఒకటో తరగతి చదువుతున్నప్పుడు, మాకవరపాలెంలో రైతులకి మీటింగు పెట్టారు. వ్యవసాయ శాఖ నుంచి ఒక కుర్ర ఆఫీసరు వచ్చి పంటకి మేలు చేసే పురుగుల గురించి చెబుతాడట. అత్తయ్య బయల్దేరింది, పిల్లని వదిలి రాదు కాబట్టి పిల్లా, పిల్లతో నేనూ. ఒక షెడ్డు కింద జంపఖానాలు పరిచారు. ఆ అబ్బాయి గోడకి ఒక్కొక్క పటం తగిలిస్తూ చెబుతున్నాడు. నాలుగో అయిదో పటం తగిలించాడు. చేటంత కొమ్ము పురుగు, వీపంతా తెల్లటి నూకలు.

నేను పటం వదిలి అత్తయ్య వైపు చూశాను.

"చాలామంది వీటిని గుడ్లనుకుంటారు. గుడ్లు కావు" అని మొదలుపెట్టి, నా పుస్తకంలో కొట్టేసిన పేరా మొత్తం అతను విడమరిచి చెప్పాడు. "కాబట్టి ఇలాంటి పురుగు కనిపిస్తే చంపకండి, అలా వదిలేయండి" అన్నాడు.

అత్తయ్య లేచి నిలబడింది. "బాబూ, అయితే ఇది కడుపుతో ఉన్నది కాదేటి?"

అందరూ నవ్వారు. ఆ అబ్బాయి మాత్రం నవ్వలేదు, మర్యాదస్తుడు. "కాదమ్మా. అది అప్పటికే చచ్చినట్టు లెక్క."

"దాన్ని ఒగ్గేస్తే సేనుకి నష్టం నేదా?"

"నష్టమేమిటమ్మా? ఒగ్గేస్తేనే చేను నిలుస్తుంది."

ఆవిడ కూర్చుంది. పిల్లని ఒళ్ళోకి లాక్కుని, మిగతా పటాలేవీ చూడలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికే చూసింది. దిగి ఇంటివైపు నడుస్తుండగా, పిల్ల నాలుగడుగులు ముందు నడుస్తోంది, అప్పుడు అడిగింది.

"నువ్వు సదువుకున్నావు గదా. నీకు తెలుసా ఇది?"

"తెలుసండి."

"ఎప్పట్నించి?"

"ఇది కడుపులో మొదటిసారి కదిలిన రోజు నుంచి" అన్నాను, పిల్లని చూపించి. "మీకు చెబితే భయపడతారని చెప్పలేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ పురుగుని ఒగ్గేసిన రోజు దేవుడితో ఒక మాటనుకున్నాను" అంది ఆవిడ. "పెబువా, ఈ సేను తీసుకో, నా కోడలి కడుపు నిలబెట్టు అని. మీ మావయ్య రాయి రాయి ఏరిన సేను. అంతకన్నా ఇవ్వడానికి నాకాడ ఏటుంది? పోతాదనే ఒగ్గేసాను. రోజూ సూసుకునీదాన్ని, ఇయాల పోతాది, రేపు పోతాది అని. పోనేదు. ఎప్పుడూ రానంత పంట వచ్చింది. అంటే ఏటి? ఆయనకి నా సేను ఒద్దు. మరి ఇంకేటి తీసుకుంటాడు?"

ముందు నడుస్తున్న పిల్ల వైపు చూసింది.

"ఆరేళ్ళమ్మా. ఆ పిల్లగుంట మెట్టు దిగితే బయం. దగ్గితే బయం."

ఆరేళ్ళు ఆవిడ మీద అరిచిన ప్రతి అరుపూ తిరిగొచ్చి నా మొహాన పడింది. ఒక్క మాట. ట్రంకుపెట్టె వెనక నుంచి సీసా తీసి చూపిస్తే చాలు, ఆరేళ్ళ భయం ఉండేది కాదు. భయపడుతుందని దాచి, ఆ భయం పక్కనే కాపరం చేశాను. రోడ్డు మీదే ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. "తప్పైపోయింది అత్తయ్యా."

"ఉండు" అంది ఆవిడ. ఏదో కూడబలుక్కుంటోంది. "ఒగ్గేస్తే నష్టం నేదన్నాడు గదా ఆ బాబు. అంటే నాను సేను ఇచ్చినట్టు కాదు గదా."

"కాదండి."

"నానిచ్చిందేటీ నేదు."

"ఏమీ లేదండి."

"ఏటీ తీసుకోకుండానే పిల్లనిచ్చినాడు. ఊరికే."

"ఊరికేనండి అత్తయ్యా."

ఆవిడ నడిరోడ్డు మీద నిలబడి నవ్వింది. ఆ గొంతుకి రోడ్డు పక్క టైలరు మిషను ఆపి తల ఎత్తి చూశాడు. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్న పిల్లకి జడలు వేసి, రిబ్బన్లు కట్టి, టిఫిను డబ్బా సంచిలో పెట్టి, గుమ్మం దాకా వచ్చింది. చెప్పులు వేసుకోలేదు. అరుగు మీద కూర్చుని, "బేగి ఎల్లు, గంట కొట్టేస్తారు" అంది. పిల్లకి అర్థం కాక చెయ్యి చాపి నిలబడింది. "దారి తెల్దేటి నీకు? ఎల్లు" అంది మళ్ళీ. పిల్ల రెండడుగులు వేసి వెనక్కి చూసింది, మరో నాలుగు వేసి చూసింది, ఆ తర్వాత చూడలేదు. సంచి ఊపుకుంటూ వీధి మధ్యలో నడిచిపోతోంది.

అత్తయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని గట్టిగా బిగించుకుంది. ఆరేళ్ళపాటు ఈ రోజు కోసం అరిచిన దాన్ని నేను. తీరా అది వచ్చేసరికి నా కాళ్ళు నిలవలేదు. మలుపులో ఆవులుంటాయి, సైకిళ్ళు వస్తాయి, పిల్ల పక్కలు చూసుకోదు. చెప్పులు దొరక్క ఒట్టికాళ్ళతోనే వీధిలోకి దిగి పరుగు అందుకున్నాను.

వెనక నుంచి అత్తయ్య గొంతు, ఊరవతలికి వినిపించేటట్టు, ఖంగుమంది.

"ఎక్కడికే? దాన్ని ఒగ్గీ!"